పలచబడ్డ లాన్‌లో ఏ విత్తనం చల్లాలి? అమెరికాలో సొంత ఇల్లున్న తెలుగువాళ్ల కోసం

ఆగస్టు నెలాఖరుకి అమెరికాలో చాలా ఇళ్ల ముందు లాన్ నీరసించిపోయి ఉంటుంది. డ్రైవ్‌వే అంచున గడ్డి మాడిపోతుంది, మేపుల్ చెట్టు కింద మట్టి బయటపడుతుంది, మిగతా చోట క్రాబ్‌గ్రాస్ అనే కలుపు చేతులు చాపుకుని పడుకుంటుంది. హెచ్ఓఏ (కాలనీ సంఘం) వాళ్లు ఎక్కడ లెటర్ పంపిస్తారో అన్న టెన్షన్ ఉండనే ఉంటుంది. సరే, ఉన్న గడ్డిని పీకకుండా దాని మధ్యలోనే కొత్త విత్తనం చల్లి ఒత్తుగా చేద్దాం, అంటే ఓవర్‌సీడింగ్ చేద్దాం అని స్టోర్‌కి వెళ్తే అక్కడ ఇంకో చిక్కు. వరసగా పేర్చిన సంచులన్నిటి మీదా ఒకే రకం పచ్చటి ఫోటో. ఒకదాని మీద "సన్ అండ్ షేడ్", ఇంకోదాని మీద "హీట్ టాలరెంట్", మరోదాని మీద "క్విక్ ఫిక్స్".

ఆ పేర్లను పట్టించుకోకండి. చలి ప్రాంతాల లాన్ విత్తనాల్లో ప్రధానంగా ఉండేవి నాలుగే జాతులు: టాల్ ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్, పెరెన్నియల్ రైగ్రాస్, ఫైన్ ఫెస్క్యూ. ఈ నాలుగింటి స్వభావం తెలిస్తే ఏ సంచి కొనాలో మీకే తెలిసిపోతుంది.

## ముందు మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో చూసుకోండి

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహాయో, మిషిగన్, ఇల్లినాయ్ వాళ్లకి పై నాలుగూ పనికొస్తాయి. వర్జీనియా, నార్త్ కరొలైనా వాళ్లది మధ్యస్థ ప్రాంతం. అక్కడ చలి ప్రాంతాల గడ్డికి ఎండాకాలం కష్టం, బెర్ముడా లాంటి వేడి ప్రాంతాల గడ్డికి చలికాలం కష్టం. అందుకే యాష్‌బర్న్ నుంచి షార్లెట్ దాకా ఎక్కువ ఇళ్లలో టాల్ ఫెస్క్యూ కనిపిస్తుంది.

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్, అట్లాంటా వాళ్ల కథ వేరు. అక్కడ ఒత్తుగా లేని లాన్‌కి విత్తనం చాలాసార్లు సరైన మందు కాదు. వాళ్ల కోసం కింద విడిగా రాశాను. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉన్నవాళ్లు న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న చుట్టాల సలహా విని ఫెస్క్యూ సంచి కొంటే ఆ డబ్బు జూలై ఎండకి ఆవిరైపోతుంది.

## ఎంపికకి ఐదు ప్రశ్నలు

ఎండ ఎన్ని గంటలు పడుతోంది? ఊహించి చెప్పొద్దు. ఒక సెలవు రోజు పొద్దున్న తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడుకి, సాయంత్రం ఐదుకి లాన్ ఫోటోలు తీసి చూడండి. ఫ్రంట్ యార్డ్‌కి, బ్యాక్‌యార్డ్‌కి లెక్క వేరువేరుగా వస్తుంది. రెండిటికీ ఒకే విత్తనం వేయాలన్న నియమం లేదు.

జూలై, ఆగస్టుల్లో నీళ్లు పెట్టగలరా? స్ప్రింక్లర్ సిస్టమ్ ఉందా, హోస్ లాగాలా, నీటి బిల్లు ఎంత భరించగలరు?

తొక్కిడి ఎంత? పిల్లలు రోజూ క్రికెట్ ఆడే బ్యాక్‌యార్డ్ వేరు, ఎవరూ అడుగు పెట్టని ఫ్రంట్ యార్డ్ వేరు.

ఇప్పుడు అక్కడున్న గడ్డి ఏది? కొత్తది పాతదానితో రంగులో, ఆకు వెడల్పులో కలవాలి. లేకపోతే ఒత్తుగా వచ్చినా అతుకుల బొంతలా కనిపిస్తుంది.

విత్తనం వేశాక ఎన్ని వారాలు ఇంట్లో ఉంటారు? ఇది చాలామంది వదిలేసే ప్రశ్న. మొలకెత్తేదాకా పైమట్టి ఆరకూడదు. అంటే రోజుకి రెండు మూడుసార్లు కొద్దికొద్దిగా నీళ్లు పట్టాలి. దసరాకి ఇండియా టికెట్లు తీసుకున్నవాళ్లకి నాలుగు వారాలు పట్టే విత్తనం సరిపడదు.

## టాల్ ఫెస్క్యూ

ఒక్క జాతి పేరే చెప్పమంటే నేను చెప్పేది ఇదే. వేళ్లు లోతుకి, రెండు మూడు అడుగుల దాకా వెళ్తాయి. అందుకే ఆగస్టులో పక్కింటి బ్లూగ్రాస్ గోధుమరంగుకి తిరిగినా ఇది పచ్చగా నిలబడుతుంది. నాలుగైదు గంటల ఎండ ఉన్నా సర్దుకుంటుంది. ఒకటి రెండు వారాల్లో మొలకెత్తుతుంది.

దీని బలహీనత పాకకపోవడం. ప్రతి మొక్కా ఒక గుబురుగా ఉన్నచోటే ఉంటుంది. కుక్క తవ్విన గుంత, గ్రబ్స్ (వేళ్లు తినే పురుగు పిల్లలు) తిన్న మచ్చ తనంతట తాను పూడదు, మళ్లీ విత్తనం చల్లాల్సిందే. వేడి, తేమ కలిసిన రాత్రుల్లో బ్రౌన్ ప్యాచ్ అనే శిలీంధ్ర తెగులు వస్తుంది. నార్త్ కరొలైనాలో ప్రతి సెప్టెంబర్‌కీ ఫెస్క్యూ లాన్‌లు పలచబడి ఓవర్‌సీడింగ్‌కి రావడానికి ఇవే కారణాలు. అక్కడ దీన్ని ఏటా ఉండే ఖర్చు కిందే లెక్కేసుకోవాలి.

కొనేటప్పుడు "కెంటకీ 31" అన్న పేరు కనిపిస్తే ఆగండి. 1931లో కెంటకీలోని ఒక కొండవాలు పొలంలో గుర్తించి, 1943లో రైతులకి విడుదల చేసిన పచ్చిక రకం ఇది. పశువుల మేతకి, రోడ్డు పక్క గట్లకి గొప్పది. ధర తక్కువ, మొండి ప్రాణం. కానీ ఆకు వెడల్పుగా, గరుకుగా ఉంటుంది. సన్నటి గడ్డి మధ్యలో పడితే గుబురు గుబురుగా తేలిపోతుంది, తర్వాత దాన్ని ఏరడం చాలా కష్టం. లాన్‌కి కావాల్సింది "టర్ఫ్ టైప్ టాల్ ఫెస్క్యూ".

ఇంకో మంచి గుణం ఉంది. చాలా కొత్త రకాల ఫెస్క్యూల్లో, రైగ్రాస్‌లో ఎండోఫైట్ అనే మేలుచేసే శిలీంధ్రం ఉంటుంది. ఆకు తినే పురుగులు, చించ్ బగ్స్ ఈ గడ్డి జోలికి తక్కువగా వస్తాయి. మట్టిలో ఉండి వేళ్లు తినే గ్రబ్స్ మీద మాత్రం దానికి పెద్దగా పట్టు లేదు.

## కెంటకీ బ్లూగ్రాస్

అందరికీ మనసులో ఉండే లాన్ ఇదే: నీలం కలిసిన ముదురు పచ్చ, మెత్తటి తివాచీ. భూమి లోపల కాడలు పంపి పాకుతుంది కాబట్టి చిన్న ఖాళీలు తనే పూడ్చుకుంటుంది. మిషిగన్, మినసోటా చలిని ఈ నాలుగింటిలో ఇదే బాగా తట్టుకుంటుంది.

కానీ ఓవర్‌సీడింగ్‌కి వచ్చేసరికి దీనితో ఓపిక కావాలి. రెండు నుంచి నాలుగు వారాలు గడిస్తే గానీ మొలక కనిపించదు. కనిపించాక కూడా ఇంకొన్ని వారాలు వెంట్రుక మందాన అలాగే ఉంటుంది. ఈలోగా పక్కనున్న పాత గడ్డి ఎండనీ, నీటినీ లాగేసుకుంటుంది. పలచటి లాన్‌లో బ్లూగ్రాస్ ఒక్కటే చల్లి "ఏమీ రాలేదు" అని వదిలేసినవాళ్లలో చాలామంది మూడో వారంలోనే నీళ్లు ఆపేసి ఉంటారు. ఎండ ఆరు గంటలకి తగ్గితే పలచబడుతుంది. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి నీళ్లు తగ్గితే గోధుమరంగుకి తిరిగి నిద్రపోతుంది. చనిపోదు, వానలు పడగానే లేస్తుంది. ఆగస్టులో ఆ రంగు చూసి కంగారు పడకపోతే నీళ్ల ఖర్చు కూడా తగ్గించుకోవచ్చు.

నా మాటేమిటంటే, ఇప్పటికే బ్లూగ్రాస్ లాన్ ఉండి, ఎండ బాగా పడి, స్ప్రింక్లర్ ఉన్నవాళ్లు దీన్నే కొనసాగించండి. కొత్తగా దీనికి మారాలనుకునేవాళ్లు మాత్రం టాల్ ఫెస్క్యూలో కొద్దిగా కలిపి మొదలుపెట్టడం మేలు.

ఎంత కలపాలి? మార్కెట్‌లో తరచూ దొరికే మిశ్రమం బరువులో 90 శాతం ఫెస్క్యూ, 10 శాతం బ్లూగ్రాస్. పది శాతమేనా అనిపిస్తుంది. కానీ బ్లూగ్రాస్ గింజ చాలా చిన్నది. ఒక పౌండ్‌లో పదిహేను ఇరవై లక్షల గింజలు ఉంటాయి. ఫెస్క్యూ అయితే రెండు లక్షల పైచిలుకే. గింజల లెక్కన చూస్తే ఆ మిశ్రమంలో దాదాపు సగం బ్లూగ్రాసే. ఫెస్క్యూ గట్టిదనం, బ్లూగ్రాస్ పాకే గుణం రెండూ దొరుకుతాయి.

## పెరెన్నియల్ రైగ్రాస్

వేగం దీని బలం. వారం పది రోజుల్లోనే పచ్చదనం కనిపిస్తుంది. తొక్కిడిని బాగా తట్టుకుంటుంది. ఆట మైదానాల్లో దీన్ని విరివిగా వాడేది అందుకే. 1967లో న్యూజెర్సీలోని రట్గర్స్ యూనివర్సిటీ విడుదల చేసిన "మాన్‌హాటన్" అనే రకంతో ఇది ఇళ్ల లాన్‌లకి తగిన గడ్డిగా పేరు తెచ్చుకుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో దొరికిన మొక్కల నుంచి ఎంచి తీసిన రకం అది.

అయితే ఎండాకాలపు కరువుని, వేడిని ఇది ఓర్చుకోలేదు. గ్రే లీఫ్ స్పాట్ తెగులు తగిలితే రోజుల్లో మచ్చలు పరుచుకుంటాయి. పాకదు కూడా. బ్లూగ్రాస్‌తో కలిపేటప్పుడు బరువులో 15, 20 శాతం దాటనివ్వకండి. దాటితే ముందే లేచి నీడ పరిచి బ్లూగ్రాస్‌ని అణిచేస్తుంది. ఇల్లు అమ్మకానికి పెట్టేవాళ్లకి, వాలు నేల మీద మట్టి కొట్టుకుపోకుండా ఆపాలనుకునేవాళ్లకి ఇది మంచి ఎంపిక.

## ఫైన్ ఫెస్క్యూ

చెట్ల కింద మూడు నాలుగు గంటల ఎండే పడే చోటుకి ఇదొక్కటే నమ్మదగ్గది. సూదుల్లాంటి సన్నటి ఆకు, తక్కువ ఎరువు, తక్కువ నీరు. క్రీపింగ్ రెడ్, చ్యూయింగ్స్, హార్డ్ ఫెస్క్యూ అన్నీ ఈ కుటుంబమే. తొక్కిడి మాత్రం పడదు, తడి నేల అసలే పడదు. రెండు గంటల ఎండ కూడా రాని చోట ఇది కూడా బతకదు. అక్కడ గడ్డి ఆశ వదిలేసి మల్చ్ పరిచేయడమో, నీడ మొక్కలు పెట్టడమో మంచిది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | టాల్ ఫెస్క్యూ | కెంటకీ బ్లూగ్రాస్ | పెరెన్నియల్ రైగ్రాస్ | ఫైన్ ఫెస్క్యూ |
|---|---|---|---|---|
| మొలకెత్తే రోజులు | 7–14 | 14–28 | 5–10 | 7–14 |
| 1000 చదరపు అడుగులకి విత్తనం (పౌండ్లు) | 4–6 | 1–2 | 4–6 | 3–4 |
| కావాల్సిన ఎండ | 4–6 గంటలు | 6 గంటల పైన | సుమారు 6 గంటలు | 3–4 గంటలు చాలు |
| ఆగస్టు కరువు | పచ్చగా నిలుస్తుంది | నిద్రపోయి లేస్తుంది | దెబ్బతింటుంది | ఓర్చుకుంటుంది, వేడి ఎక్కువైతే పలచబడుతుంది |
| తొక్కిడి | బాగా తట్టుకుంటుంది | తట్టుకుని పూడుతుంది | బాగా తట్టుకుంటుంది | తట్టుకోదు |
| ఖాళీలు పూడటం | పూడవు | పూడతాయి | పూడవు | క్రీపింగ్ రెడ్‌లో కొద్దిగా |

5000 చదరపు అడుగుల లాన్‌కి టాల్ ఫెస్క్యూ 20 నుంచి 30 పౌండ్లు పడుతుందన్నమాట. ఇంకాస్త వేస్తే ఇంకాస్త ఒత్తుగా వస్తుందనుకోవద్దు. మొలకలు కిక్కిరిసిపోయి ఒకదాన్నొకటి బలహీనపరుస్తాయి, తెగులు త్వరగా అంటుకుంటుంది.

## ఎవరికి ఏది

వర్జీనియా, నార్త్ కరొలైనా, దక్షిణ న్యూజెర్సీ వాళ్లు, స్ప్రింక్లర్ లేనివాళ్లు రెండో ఆలోచన లేకుండా టర్ఫ్ టైప్ టాల్ ఫెస్క్యూ తీసుకోండి. ఒకే రకం కాకుండా మూడు రకాల ఫెస్క్యూ కలిసిన బ్లెండ్ అయితే ఒకదానికి తెగులొచ్చినా మిగతావి నిలబడతాయి.

పిల్లలు ఆడే ఎండ బ్యాక్‌యార్డ్‌కి ఫెస్క్యూ, బ్లూగ్రాస్ మిశ్రమం. క్రీజ్ పడే చోట గడ్డి ఎలాగూ అరిగిపోతుంది. అక్కడ ఏటా రెండు గుప్పెళ్ల రైగ్రాస్ చల్లుకుంటే చాలు.

డెట్రాయిట్, చికాగో శివార్లలో బ్లూగ్రాస్ సాడ్ (మట్టితో సహా చుట్టగా వచ్చే పెరిగిన గడ్డి) పరిచిన ఇల్లు కొన్నవాళ్లు బ్లూగ్రాస్‌కే ఉండిపోండి. దానిలో ఫెస్క్యూ అక్కడక్కడా వేస్తే వేరే రంగు గుబుర్లు కనిపిస్తాయి.

సెప్టెంబర్‌లో రెండు వారాలు మాత్రమే ఇంట్లో ఉండేవాళ్లకి ఫెస్క్యూ వరకు కుదురుతుంది, బ్లూగ్రాస్ కుదరదు. ఊరెళ్లక తప్పదంటే హోస్‌కి బిగించే టైమర్ ఒకటి కొని పెట్టుకోండి.

లాన్‌లో సగం పైగా కలుపే ఉంటే మాత్రం ఈ నాలుగింటిలో ఏదీ కాపాడలేదు. ముందు కలుపు తీసి, నేల తయారుచేసి, మొదటినుంచి వేయడమే దారి.

## సంచి వెనక లేబుల్

ముందువైపు ఫోటో కంటే వెనకవైపు చిన్న లేబుల్ విలువైనది. అమెరికా విత్తన చట్టం ప్రకారం ఏ రకం ఎంత శాతం, మొలక శాతం, కలుపు విత్తనాల శాతం, పరీక్షించిన తేదీ అక్కడ ఉండాలి. కలుపు, ఇతర పంట విత్తనాలు సున్నాకి దగ్గరగా ఉన్నదే తీసుకోండి. "ఆన్యువల్ రైగ్రాస్" అని ఉంటే వదిలేయండి. అది త్వరగా లేచి సంతోషపెట్టి వచ్చే ఎండాకాలానికి పోతుంది.

"కోటింగ్ మెటీరియల్" అన్న వరస కూడా చూడండి. కొన్ని సంచుల్లో బరువులో సగం వరకు పూతే ఉంటుంది. అప్పుడు ధర చవకగా కనిపించినా అసలు విత్తనం సగమే వస్తుంది, మోతాదు కూడా దానికి తగ్గట్టు పెంచాలి.

## చల్లే పద్ధతి: చెయ్యా, ఎయిరేటరా, స్లిట్ సీడరా?

విత్తనం మట్టిని తాకాలి. గడ్డి మీద వేలాడే గింజ పిట్టలకే పోతుంది. పద్ధతి ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఇదే.

చిన్న మచ్చలకి రేక్ (పళ్లున్న పార)తో గీరి, చేత్తో చల్లి, పావు అంగుళం కంపోస్ట్ కప్పితే చాలు. నేల గట్టిపడి స్క్రూడ్రైవర్ దిగడం లేదంటే కోర్ ఎయిరేషన్ (యంత్రంతో చిన్న చిన్న మట్టి ముక్కలు పెకిలించి రంధ్రాలు చేయడం) చేయించండి. కొత్త కాలనీల్లో బిల్డర్లు బరువైన యంత్రాలతో తొక్కించిన బంకమట్టికి ఇది చాలా అవసరం. అయితే మొలకలు రంధ్రాల్లోనే ఎక్కువగా వస్తాయి కాబట్టి అటూ ఇటూ రెండుసార్లు తిప్పించాలి. లాన్ మొత్తం పలచబడితే స్లిట్ సీడర్‌కే నా ఓటు. అది నేలలో సన్నటి గాట్లు కోసి వాటిలోనే గింజలు వేస్తుంది. అద్దెకి దొరుకుతుంది, బరువుగా ఉంటుంది, ఇద్దరు ఉంటే మంచిది. ఏ పద్ధతైనా ముందు గడ్డిని రెండు అంగుళాలకి కోసి, కోసినది ఎత్తేయండి.

## దక్షిణాది వాళ్లకి

డాలస్, అట్లాంటా శివార్లలో ఎక్కువగా ఉండేది బెర్ముడా. మనం వినాయకుడికి పెట్టే గరికే ఇది. పూజకి కోసుకునేవాళ్లు కలుపుమందు కొట్టని మూల ఒకటి విడిగా ఉంచుకోండి. సాడ్‌గా పరిచింది "టిఫ్‌వే 419" లాంటి హైబ్రిడ్ అయితే దానికి విత్తనమే ఉండదు. స్టోర్‌లో దొరికే మామూలు బెర్ముడా విత్తనం చల్లితే రంగు తేడా వస్తుంది. హ్యూస్టన్‌లో కనిపించే సెయింట్ ఆగస్టీన్ కూడా అంతే, సాడ్ లేదా ప్లగ్స్ (వేళ్లతో ఉన్న చిన్న గడ్డి ముక్కలు) పెట్టాలి.

బెర్ముడా తనే పాకుతుంది. ఆరు గంటల ఎండ, మే నుంచి నైట్రోజన్, ఒకటి రెండు అంగుళాల ఎత్తులో తరచూ కోత ఉంటే రెండు నెలల్లో ఒత్తుగా అల్లుకుంటుంది. అలా అల్లుకోవడం లేదంటే నీడే కారణమేమో ముందు చూడండి.

చలికాలంలో గోధుమరంగు చూడలేక అక్టోబర్‌లో రైగ్రాస్ చల్లేవాళ్లున్నారు. ఫీనిక్స్‌లో ఇది మామూలే. కానీ అది పచ్చదనం కోసం చేసే పని, లాన్‌ని ఒత్తుగా చేసే పని కాదు. ఏప్రిల్‌లో బెర్ముడా మేల్కొనే వేళ రైగ్రాస్ దాని ఎండనీ నీటినీ పంచుకుని వెనక్కి లాగుతుంది. ఇప్పటికే పలచగా ఉన్న బెర్ముడా మీద ఇది వేయొద్దు. ఒత్తుగా ఉండి, చలికాలంలోనూ వారం వారం మోవర్ తీయడానికి సిద్ధమైతే మీ ఇష్టం.

## ఎప్పుడు, ఏ మందులతో

ఉత్తరాన వినాయక చవితి నుంచి దసరా దాకా అని గుర్తుపెట్టుకోవచ్చు. నేల ఇంకా వెచ్చగా, గాలి చల్లగా ఉండే కాలం అది. మట్టి ఉష్ణోగ్రత 50 నుంచి 65 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఉంటే గింజకి హాయి. మొదటి ఫ్రాస్ట్ (రాత్రి గడ్డి మీద పేరుకునే మంచు పొర) రావడానికి కనీసం 45 రోజుల ముందు పని అయిపోవాలి. ఏప్రిల్‌లో వేస్తే మొలక బలపడేలోపే ఎండ ముంచుకొస్తుంది. పైగా వసంతంలో వేసే క్రాబ్‌గ్రాస్ నివారణ మందు మన గింజని కూడా మొలవనివ్వదు. వసంతంలో ఆ మందు వేసి ఉంటే ఎన్ని నెలలు ఆగాలో దాని లేబుల్ మీదే ఉంటుంది, చూడండి. కలుపుమందు, ఎరువు కలిపి అమ్మే "వీడ్ అండ్ ఫీడ్" సంచులదీ అదే సమస్య.

విత్తనంతో పాటు వాడగలిగే కలుపుమందు మెసోట్రయోన్. టాల్ ఫెస్క్యూ, బ్లూగ్రాస్, పెరెన్నియల్ రైగ్రాస్‌కి ఫరవాలేదు. ఫైన్ ఫెస్క్యూ ఎక్కువున్న చోట లేబుల్ జాగ్రత్తగా చదవండి. మన బ్యాక్‌యార్డుల్లో గోంగూర, టమాటా, సొరపాదు లాన్‌ని ఆనుకునే ఉంటాయి. గాలి లేని పూట మాత్రమే కొట్టండి. మందు కొట్టిన గడ్డి కోతని కూరగాయల మడుల్లో వేయొద్దు.

కొత్త గడ్డి మూడున్నర అంగుళాలు పెరిగాక పదునైన బ్లేడుతో మొదటి కోత. మామూలు కలుపుమందులు మూడు నాలుగు కోతలయ్యాకే. అక్టోబర్‌లో రాలే ఆకులు మొలకల మీద తడిసి అట్టకట్టకుండా బ్లోవర్‌ని మెల్లగా వాడుతూ వారానికి రెండుసార్లు ఊదేయండి. ఎరువులో ఫాస్ఫరస్ కావాలో వద్దో కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు (యూనివర్సిటీ తరఫున వ్యవసాయ సలహాలిచ్చే ఆఫీసు)లో మట్టి పరీక్ష చేయించుకుంటే తెలుస్తుంది. న్యూజెర్సీ వాళ్లు ఒక తేదీ గుర్తుంచుకోవాలి: నవంబర్ 15 నుంచి మార్చి 1 దాకా ఇంటివాళ్లు లాన్‌కి ఎరువు వేయకూడదని అక్కడ చట్టం ఉంది. కాబట్టి చలికాలం ముందు వేసే చివరి ఎరువు నవంబర్ మొదటి వారంలోనే పూర్తిచేసుకోండి.